మళ్లీ మళ్లీ చూసేది, ఒక్కసారే చూడగలిగేది

భారతీయ సినిమాకు 2013లో నూరేళ్లు నిండాయి. ఆ సందర్భంగా సీఎన్‌ఎన్-ఐబీఎన్ చానల్ దేశంలోని వేర్వేరు భాషల నుంచి వంద గొప్ప సినిమాలు ఏరి, వాటిలో మేటి ఏదో మీరే చెప్పండని జనాన్ని అడిగింది. ఓట్ల లెక్క తేలాక మొదట నిలిచింది ‘మాయాబజార్’. అప్పటికి ఆ సినిమా వచ్చి 56 ఏళ్లు. తెలుగువాళ్లు సంబరపడ్డారు గానీ ఆశ్చర్యపోలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతిని బయటివాళ్లు ఒప్పుకున్నట్టు తీసుకున్నారు. అదే వందలో ఇంకొక తెలుగు సినిమా కూడా ఉంది. అది ‘మా భూమి’.

సిద్దిపేట జిల్లా మద్దూరు నుంచి చూసేవాళ్లకు ఈ రెండు పేర్లు ఒకే పట్టికలో కనిపించడం ఊరికే దాటిపోయే విషయం కాదు. మొదటిది ఇక్కడ తాతలకూ మనవలకూ తెలిసిన సినిమా. రెండోది ఈ చుట్టుపక్కల నేల మీద నిజంగా నడిచిన పోరాటం గురించి తీసిన సినిమా. అయినా నీకు ఎప్పటికీ నచ్చే సినిమాలేవి అని అడిగితే నోటికి ముందు వచ్చేది మొదటిదే. రెండోది గుర్తుకు రావడానికి కాస్త సమయం పడుతుంది, కొందరికి అసలు రాకపోనూవచ్చు. ఎందుకిట్లా అన్నది ఆలోచించాల్సిన మాట.

మద్దూరులో ఒక సాయంత్రం చాయ హోటల్ ముందు కూర్చున్న నలుగురిని ఈ ప్రశ్న అడిగి చూడండి. జవాబులో సినిమా పేరు ఒక్కటే రాదు. ఎక్కడ చూశారో, ఎవరితో పోయారో, ఎట్లా పోయారో అన్నీ వస్తాయి. డెబ్బై దాటిన పెద్దమనిషి ‘గుండమ్మ కథ’ అన్నాడంటే దాని వెంట డేరా టాకీసు వస్తుంది, నేల టికెట్ వస్తుంది, ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా పడే విరామం వస్తుంది. యాభై దాటినాయన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ అంటే జనగామకో సిద్దిపేటకో పోయిన బస్సు ప్రయాణం వస్తుంది, సెకండ్ షో విడిచాక తిరిగి ఇల్లు చేరడానికి పడిన తిప్పలు వస్తాయి. ఆ తర్వాతి వయసువాళ్లకు వీసీపీ. పెళ్లికో వినాయక చవితికో కలర్ టీవీ, వీసీపీ కిరాయికి తెచ్చి వాకిట్లో బల్ల మీద పెట్టి, తెల్లారేదాకా వరసగా మూడు సినిమాలు వేసేవాళ్లు. మూడోది సగానికి వచ్చేసరికి పిల్లలంతా చాపల మీద నిద్రలో ఉండేవాళ్లు. ఆ తరంలో కొందరికి కొన్ని సినిమాల మొదటి సగం మాత్రమే మాటామాటా వచ్చు.

ఏడాదికి రెండో మూడో సినిమాలు దొరికిన కాలంలో దేన్నీ తేలిగ్గా తీసిపారేయడం ఉండదు. బాగాలేని సినిమాలో కూడా ఒక పాటో, ఒక కొట్లాటో, ఒక నటుడి నడకో ఇంటికి తెచ్చుకునేవాళ్లు. అట్లా తెచ్చుకున్నదాన్ని పొలం గట్ల మీద, నాట్ల దగ్గర, బీడీలు చుట్టే అరుగుల మీద చెప్పుకుంటూ పోతే అది పెరిగేది. నచ్చిన సినిమా అంటే చాలాసార్లు చెప్పుకున్న సినిమా అని కూడా అర్థం. సినిమా చూడని ఆడవాళ్లకు కథంతా వినిపించిన మనిషి ఒకరైనా ప్రతి వాడలో ఉండేవాళ్లు. విన్నవాళ్లకూ అది నచ్చిన సినిమాల్లో చేరిపోయేది.

ఈ ప్రాంతానికి అంతకన్నా పాత అలవాటు ఒకటి ఉంది. మద్దూరుకు పక్కనే చేర్యాల. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడేదాకా రెండూ వరంగల్ జిల్లాలోవే. చేర్యాల నకాశీ కళాకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, బంక కలిపి పట్టించి, ఆరబెట్టి, దాని మీద ఎర్రటి నేపథ్యంలో కథకు వరసలు వరసలుగా బొమ్మలు వేస్తారు. పటం వెడల్పు మూడడుగులే గానీ పొడవు గజాల లెక్కన ఉంటుంది. కథకులు దాన్ని పైన కట్టి, కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో వరసను పుల్లతో చూపుతూ పాడుతూ చెప్పేవాళ్లు. ముదిరాజులకు కాకి పడగలవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివాళ్లు. ఎవరి పురాణం వాళ్లకు. తర్వాతి బొమ్మ ఏమిటో కూర్చున్న వాళ్లందరికీ ముందే తెలుసు. అయినా పటం కిందికి విప్పుతుంటే అందరూ మెడలు చాపి చూసేవాళ్లు. కొమురవెల్లి మల్లన్న జాతరలో ఒగ్గు కథ వినే భక్తులదీ ఇదే తీరు. మల్లన్న కథ ఎట్లా నడుస్తుందో తెలియనివాళ్లు ఆ జాతరకు రారు.

తెలిసిన కథను మళ్లీ చూడటంలో ఉన్న సుఖం ఇక్కడివాళ్లకు సినిమాకన్నా ముందే తెలుసు. అందుకే ‘మాయాబజార్’ వాళ్ల చేతిలో నిలిచింది. అయితే డేరాలో జనం కులాన్ని బట్టి కాకుండా టికెట్‌ను బట్టి కూర్చున్నారు. ఎవరి పురాణం వాళ్లు విన్నవాళ్లు అందరి కథ ఒకే తెర మీద చూశారు. ఈ మార్పు చిన్నదేమీ కాదు.

‘మాయాబజార్’ దగ్గర కొంచెం ఆగాలి. 1957 మార్చి 27న విడుదలైన ఈ సినిమాను కె.వి.రెడ్డి విజయా సంస్థకు తీశాడు. మహాభారతం ఆధారంగా నడిచే కథే గానీ పాండవులు ఐదుగురిలో ఒక్కరూ తెర మీద కనబడరు. మూడు గంటలు చూసినా ఆ లోటు ఎవరికీ తోచదు, ఎందుకంటే కథ నడిచేది పెళ్లింట్లో. మేనత్త కొడుక్కి పిల్లనిస్తామని మాట అనుకున్నారు. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నారు. ఆస్తి పోయినవాళ్లింటికి పిల్లను ఎట్లా పంపుతామని పిల్ల తల్లి రేవతమ్మకు మనసు మారింది. పెద్దింటి సంబంధం తానై నడిచి వచ్చేసరికి బలరాముడూ అటే మొగ్గాడు. కరువు చూసిన పల్లెలో ఈ కథ ఎవరికి కొత్త? పత్తి పోయిన ఏడాదో, బోరు ఎండిన ఏడాదో వెనక్కి పోయిన సంబంధాల గురించి ప్రతి ఊళ్లోనూ చెప్పుకుంటారు. అట్లాంటి ఇంట్లో ఘటోత్కచుడు అడుగుపెట్టి చేసిన అల్లరి చూస్తే వచ్చే తృప్తి వేరు.

ఇక సావిత్రి. శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు అంతఃపురంలో తిరిగే భాగంలో ఆమె ముఖం శశిరేఖదే, నడక మాత్రం ఘటోత్కచుడి పాత్ర వేసిన ఎస్వీ రంగారావుది. చుట్టూ చెలికత్తెలు ఉన్నంతసేపూ సిగ్గుపడే పెళ్లికూతురు. వాళ్లు అటు తిరగగానే భుజాలు విప్పారతాయి, అడుగు బరువెక్కుతుంది, చూపు గదమాయిస్తుంది. మళ్లీ ఎవరో రాగానే తల వాలుతుంది. ఈ రెండింటి మధ్యా కెమెరా గారడీ ఏమీ లేదు, ఉన్నదంతా ఆమె ఒంట్లోనే. ఎన్నిసార్లు చూసినవాళ్లయినా ఇక్కడ మాట్లాడటం ఆపి చూస్తారు. మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెల, పింగళి మాటలు, ఘంటసాల సంగీతం గురించి అందరూ రాశారు, ఇంకా రాస్తారు. ఆ సినిమాను మళ్లీ చూడనిచ్చే శక్తి మాత్రం పెళ్లింటి గొడవలోనూ సావిత్రి భుజాల్లోనూ ఉంది.

ఇట్లా మళ్లీ మళ్లీ చూడగలిగే సినిమాలు ఒక రకం. వీటిని ఎంచుకోవడంలో పెద్ద కష్టం లేదు. టీవీలో ఎక్కడి నుంచి వస్తున్నా, పని మధ్యలో ఉన్నా నిలబడి చూస్తాం. ‘మిస్సమ్మ’ అట్లాంటిదే, ‘అహ నా పెళ్లంట’ అట్లాంటిదే. చానల్ మార్చకుండా ఎవరి చేయి ఎక్కడ ఆగుతుందో చూస్తే వాళ్ల పట్టికలో సగం తెలిసిపోతుంది.

రెండో రకం సంగతి వేరు. వాటిని ఒకసారి చూస్తాం. మళ్లీ చూడటానికి మనసు ఒప్పుకోదు, అయినా అవి వదలవు. నచ్చిన సినిమాలు చెప్పమన్నప్పుడు ఇవి వెనక్కి పోతాయి, ఎందుకంటే ఇష్టం అన్న మాటకూ వీటికీ పొత్తు కుదరదు. పట్టికలో అన్యాయం జరిగేది ఇక్కడే.

ప్రపంచంలో అందరూ చెప్పుకునే పట్టిక ఒకటుంది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకులను అడిగి ఎప్పటికీ గొప్ప సినిమాలను ప్రకటిస్తోంది. మొదటిసారి ఇటలీ సినిమా ‘బైసికిల్ థీవ్స్’ అగ్రస్థానంలో నిలిచింది. అప్పటికి దాని వయసు నాలుగేళ్లే. మరో పదేళ్లకు అది కిందికి జారి, 1962 నుంచి 2002 దాకా ‘సిటిజన్ కేన్’ మొదటి స్థానంలో కదలకుండా కూర్చుంది. 2012లో హిచ్‌కాక్ ‘వెర్టిగో’ వచ్చింది. 2022లో అనుకోనిది జరిగింది. బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకర్మన్ 1975లో తీసిన ‘జాన్ డీల్మన్’ మొదటి స్థానానికి ఎక్కింది. మూడు గంటల ఇరవై నిమిషాల ఆ సినిమాలో బ్రస్సెల్స్‌లో ఉండే ఒక విధవరాలు ఇంటి పని చేస్తుంది. ఆలుగడ్డలు ఒలుస్తుంది, గిన్నెలు కడుగుతుంది, బూట్లు తుడుస్తుంది. కెమెరా కదలకుండా ఆమెను చూస్తూ ఉంటుంది. 2012లో 846 మంది ఓటు వేస్తే 2022లో 1,600 మందికి పైగా వేశారు. ఎవరిని అడిగారన్నది మారింది, జవాబూ మారింది. మన ‘పథేర్ పాంచాలి’ ఆ పట్టికలో 35వ స్థానంలో ఉంది.

‘జాన్ డీల్మన్’ వార్త చదివిన తెలంగాణ మనిషికి ‘దాసి’ గుర్తుకు రావాలి. గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి.నర్సింగరావు 1988లో తీసిన సినిమా అది. ప్రజ్ఞాపూర్ ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోదే. అంటే మద్దూరుకు సొంత జిల్లా దర్శకుడు. 1920ల నాటి ఒక గడీ, అందులో కమలాక్షి అనే దాసి. ఆమె ఊడుస్తుంది, తోముతుంది, నీళ్లు మోస్తుంది, దొరసానికి సేవ చేస్తుంది, పిలిచినప్పుడు దొర గదికి పోతుంది. మాటలు చాలా తక్కువ. గడప, స్తంభాల నీడ, ఇత్తడి చెంబు, కమలాక్షిగా అర్చన ముఖం. కడుపు వచ్చాక ఆ కడుపు ఉండాలో వద్దో చెప్పే హక్కు కూడా ఆమెకు లేదు. ఈ సినిమాకు ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. తెలుగులో ఉత్తమ చిత్రం, అర్చనకు ఉత్తమ నటి, ఎ.కె.బీర్‌కు ఛాయాగ్రహణం, చిత్రకారుడు తోట వైకుంఠానికి కళా దర్శకత్వం, సుదర్శన్‌కు దుస్తుల రూపకల్పన. బ్రస్సెల్స్ వంటగదిలో ఆడమనిషి పనిని ప్రపంచం అంత శ్రద్ధగా చూసిందంటే గడీలోని ఆడమనిషి పనిని ఈ జిల్లావాళ్లు ఇంకెంత శ్రద్ధగా చూడాలి? ‘దాసి’ తెలుగులో వచ్చిన గొప్ప సినిమాల్లో మొదటి వరసలో నిలిచేది. ఈ మాట గట్టిగా అనడానికి వెనకాడాల్సిన పని లేదు.

అయితే అవార్డు వచ్చిన సినిమా ఊరికి రావాలంటే దారి ఉండాలి. అట్లాంటి సినిమాలకు డిస్ట్రిబ్యూటర్ దొరకడమే కష్టం, దొరికినా పట్నంలో ఉదయం ఆటలు. దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రాలు వేసిన రోజుల్లో పల్లెకు అదొక్కటే కిటికీ. ఆ వేళ కరెంటు ఉంటే చూసేవాళ్లు, లేకపోతే లేదు. మద్దూరు మనిషి పట్టికలో ‘దాసి’ లేదంటే అది అతని అభిరుచి లోపం అనలేం. అతని దాకా రాని సినిమాను అతను ఎట్లా ఎంచుకుంటాడు?

‘మా భూమి’ది ఇంకా దగ్గరి కథ. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు, నిజాం పోలీసులు బైరాన్‌పల్లి మీద విరుచుకుపడ్డారు. చాలా ఏళ్లు మద్దూరు మండలంలోనే ఉన్న ఊరు అది. అంతకుముందు ఊరి యువకులు దళంగా ఏర్పడి, బురుజు మీద కాపలా ఉండి, దాడులను తిప్పికొట్టారు. ఆ రోజు నిలవలేకపోయారు. పట్టుకున్నవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చేశారు. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. రాళ్లతో కట్టిన ఆ బురుజు ఇప్పటికీ నిలిచే ఉంది. ఊరి పేరుకు ముందు ‘వీర’ అన్న మాట చేర్చి పిలుస్తారు.

నిజాం పాలన మీద తెలంగాణ రైతులు చేసిన ఆ పోరాటం గురించి కృష్ణచందర్ ఉర్దూలో రాసిన నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ 1979లో తీసిన మొదటి కథాచిత్రం ‘మా భూమి’. బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు. బెంగాలీ దర్శకుడు, ఉర్దూ నవల, తెలంగాణ పల్లె. సాయిచంద్‌కు అది మొదటి సినిమా, తెలంగాణ శకుంతలకు కూడా. బండి యాదగిరి కట్టిన పాటను తెర మీద గద్దర్ పాడాడు. కథానాయకుడు రామయ్య వెట్టి బతుకులో పుట్టి, ఊరు విడిచి, పట్నంలో కార్మికుల మధ్య తిరిగి, మళ్లీ ఊరికి వచ్చి తుపాకి పడతాడు. సినిమా చివర్లో సైన్యం వస్తుంది, పారిపోయిన దొరలు కొత్త టోపీలు పెట్టుకుని దాని వెనకే ఊరికి తిరిగి వస్తారు. గెలిచామనుకున్న రోజునే ఏం పోయిందో అంత సూటిగా చూపిన తెలుగు సినిమా ఇంకొకటి చెప్పడం కష్టం. బైరాన్‌పల్లి నేపథ్యంగా 2025 చివర్లో ‘ఛాంపియన్’ వచ్చింది. పెద్ద తెర ఆ ఊరి పేరు పలకడం ఇక్కడివాళ్లకు సంతోషమే. కానీ ‘మా భూమి’లో హంగులేవీ లేవు. మట్టిగోడలు, గొంగళ్లు, అలసిన ముఖాలు. చూస్తున్నది నటులనా, ఊరివాళ్లనా అన్న తేడా చెరిగిపోతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. చాలా దశాబ్దాలు సినిమాల్లో తెలంగాణ మాట రౌడీ నోట్లోనో, నవ్వించేవాడి నోట్లోనో వినబడింది. మద్దూరు పిల్లవాడు తన అమ్మ మాట్లాడే తీరు తెర మీద వినబడగానే హాలంతా నవ్వడం విన్నాడు. అట్లా పెరిగినవాడు నచ్చిన సినిమాలు ఎంచుకున్నప్పుడు ఆ మాట లేని సినిమాలనే ఎంచుకోవాల్సి వచ్చింది. 2017లో ‘ఫిదా’, 2019లో ఆలేరు దగ్గరి శారాజీపేట నేత కార్మికుడు చింతకింది మల్లేశం ఆసు యంత్రం కథ ‘మల్లేశం’, ఆ తర్వాత ‘బలగం’ వచ్చాక ఆ మాటకు ప్రేమించే నోరు, దుఃఖించే నోరు దొరికాయి.

సిరిసిల్ల వేణు యెల్దండి తీసిన ‘బలగం’ 2023 మార్చి 3న విడుదలైంది. ఆ వేసవికి తెలంగాణ ఊళ్లలో జరిగింది ఈ మధ్య కాలంలో ఏ సినిమాకూ జరగలేదు. పంచాయతీ ఆఫీసుల ముందు, బడి ఆవరణల్లో తెరలు కట్టి, ఊరంతా కలిసి చూశారు. కొమురయ్య చనిపోతాడు, పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎందుకు ముట్టదో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. చివర్లో దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాట ఎత్తుకోగానే చీకట్లో ముక్కులు చీదిన చప్పుడు వరసలు వరసలుగా వినబడింది. నిర్మల్ జిల్లాలో విడిపోయిన అన్నదమ్ములు ఆ సినిమా చూసి కలిసిపోయారని పత్రికల్లో వచ్చింది. చావు దగ్గర కథకులు వచ్చి పోయినవాళ్ల గురించి పాడటం ఈ ప్రాంతంలో పాత ఆచారం. పటం కథ విన్న జనం, డేరాలో కూర్చున్న జనం, వీసీపీ ముందు నిద్రపోయిన పిల్లలు ఒకే చోట కూర్చున్న రాత్రులవి.

మరి ఎట్లా ఎంచుకోవాలి? పది సినిమాల పట్టిక వేస్తే అందులో సగం మళ్లీ మళ్లీ చూసేవాటికి వదలండి, వాటికి ఎవరి సమ్మతీ అక్కర్లేదు. ఎవరేమనుకుంటారోనని ‘గుండమ్మ కథ’ను తీసేసి చూడని విదేశీ సినిమా పేరు రాయడం మనకు మనమే చేసుకునే ద్రోహం. మిగతా సగం మాత్రం ఆలోచించి నింపాలి. ఏ సినిమా చూశాక మాట పడిపోయింది? ఏది చూశాక ఇంట్లో ముసలమ్మను ఒక పాత సంగతి అడగాలనిపించింది? మన ఊరి గురించి తీసినవి ఏమేం ఉన్నాయి, వాటిలో మనం చూసినవెన్ని? ఇష్టం దానంతట అదే వస్తుందని కూర్చుంటే ఎదురైనదే ఇష్టమవుతుంది. కొన్నిటిని వెతుక్కుంటూ పోయి చూడాలి, చూశాకే పట్టిక వేయాలి. చిన్నప్పుడు నచ్చినదాన్ని పెద్దయ్యాక మళ్లీ చూసి, నిలబడకపోతే బాధపడకుండా తీసేయాలి. నిలబడితే ఇంకా మంచిది. ‘శంకరాభరణం’ సంగీతం కోసం గుర్తున్నవాళ్లు ఈసారి మంజుభార్గవి పాత్ర కోసం చూడండి, ఆమె మౌనంలో ఎంత కథ ఉందో కొత్తగా తెలుస్తుంది.

ఏటా ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో అమరులకు నివాళి అర్పిస్తారు. ‘బలగం’ కోసం తెర కట్టిన చేతులకు ఇంకో తెర కట్టడం కష్టమేమీ కాదు. హక్కులున్నవాళ్ల దగ్గర అనుమతి తీసుకుని, ఆ సాయంత్రం బురుజు దగ్గర ‘మా భూమి’ వేయవచ్చు. మర్నాడు మద్దూరులో ‘దాసి’, ఆ మర్నాడు పిల్లల కోసం ‘మాయాబజార్’. ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు, ఒక జనరేటరు, వాన పడితే కప్పడానికి తార్పాలిన్ చాలు. మూడు రోజులూ వచ్చినవాళ్ల చేతికి తలా ఒక చీటీ ఇచ్చి, మీకు ఎప్పటికీ నచ్చే సినిమాలు రాయమని అడగాలి. చదువు రాని అవ్వలు చెబుతుంటే మనవరాళ్లు రాస్తారు.